ముర్రుపాల సంగతి

ఒరేయ్ సూరీ,

చెల్లెమ్మకి తొమ్మిదో నెల వచ్చిందన్నావు, ఎంత సంతోషమో రా! కానీ పుట్టగానే బిడ్డ నాలుక మీద తేనె చుక్క వెయ్యాలని మీ అత్తగారు అంటున్నారని, "ఒక్క చుక్కేగా" అని నువ్వూ ఒప్పుకున్నావని రాశావే, ఆ చుక్క గురించే ఈ ఉత్తరం.

మనం మింగిన క్రిముల్ని పొట్టలోని ఆమ్లం చాలావరకు చంపేస్తుంది. పుట్టిన రోజున బిడ్డ పొట్టలో ఆ ఆమ్లం నామమాత్రం. పేగు గోడకి కాపలా కాసే ఐజీఏ యాంటీబాడీలు సొంతంగా తయారవడానికి వారాలు పడుతుంది. మాయలోంచి బిడ్డకి అందేది ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ, అది రక్తంలో తిరిగేది. ఐజీఏ మాయ దాటదు.

పైగా పసి పేగు కావాలనే శాంతంగా ఉంటుంది. పుట్టీ పుట్టగానే గుంపులుగా వచ్చి చేరే ప్రతి బ్యాక్టీరియా మీదా విరుచుకుపడితే వాచిపోయేది దాని గోడే. ఎలుకపిల్లల్లో ఇది స్పష్టంగా చూశారు: బ్యాక్టీరియాని పసిగట్టే టీఎల్ఆర్4 అనే ప్రొటీన్ కబురుని లోపలికి చేరవేసే ఐరాక్1 ప్రొటీన్, పుట్టిన కొద్ది గంటల్లోనే పేగు కణాల్లో తగ్గిపోతుంది. నెలలు నిండని పిల్లల్లో టీఎల్ఆర్4 జోరు ఎక్కువ. పేగు గోడ చచ్చుబడే ఎన్‌ఈసీ అనే జబ్బు కిలోన్నర లోపు పిల్లల్ని ఎక్కువగా పట్టడానికి అదొక కారణం.

ఈ లోటు పూడ్చేవి ముర్రుపాలే. తల్లి పేగు ఇదివరకే ఎదుర్కొన్న క్రిములకి తయారైన ఐజీఏ, రొమ్ముపాలలోకి దిగుతుంది. అంటే మీ ఇంటి క్రిములకి సరిపోయే కవచమే బిడ్డకి అందుతుంది! అది క్రిముల్ని ఒకదానికొకటి అంటించి గోడకి చేరనివ్వదు. ముర్రుపాలలోని లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీన్ వాటికి ఇనుము దొరక్కుండా చేస్తుంది. మొదటి రోజు విడతకి 2 నుంచి 10 మిల్లీలీటర్లే వస్తాయి, చిక్కగా, పసుపుపచ్చగా. "పాలు పడలేదు" అని డబ్బాపాలు పట్టేది సరిగ్గా ఇక్కడే. పట్టనివ్వకు. మొదటి గంటలోనే రొమ్ముకి పెట్టండి. ఆపరేషన్ అయినా, తల్లికి స్పృహ ఉంటే పెట్టొచ్చు. తారులాంటి తొలి దొడ్డి పోవడానికి ఆముదమూ అక్కర్లేదు, ముర్రుపాలే ఆ పని చేస్తాయి.

ఇక తేనె. అందులో బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, మరగబెట్టినా చావవు. మన పేగులో స్థిరపడ్డ బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వదు. బిడ్డ పేగులో ఆ అడ్డు ఇంకా లేదు, మొలకెత్తి విషం వదులుతాయి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడటం, చప్పరించలేకపోవడం, రెప్పలు వాలిపోవడం.

ఇంటికొచ్చాక పాలు తాగకపోయినా, ఆకుపచ్చగా కక్కినా, పొట్ట ఉబ్బి బిగుసుకున్నా, దొడ్డిలో రక్తం కనిపించినా, నిమిషానికి 60 సార్లో ఇంకా ఎక్కువో ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు రా. జ్వరమే రావాలని లేదు, ఇన్‌ఫెక్షన్‌లో పసిపిల్లలు చల్లబడిపోతారు కూడా. ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, 35.5 లోపు పడినా ఆసుపత్రికే.

అత్తగారితో గొడవ పెట్టుకోకు. తేనె ముచ్చట మొదటి పుట్టినరోజు అయ్యాక తీర్చుకోమని చెప్పు.

నీ
మూర్తి