షుగర్ పుండుకు అంకె కావాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. కోనసీమలో ప్రభుత్వ ల్యాబుల్లో పనిచేసి రిటైరైన టెక్నీషియన్ని. అడగబోయేది చిన్న సంగతే. కాలి పుండుతో పీహెచ్‌సీకి వచ్చిన షుగర్ మనిషి రెండు పాదాలనూ ముందు ఎవరో ఒకరు వంగి చూడాలి. పుండు మీద అనుమానం ఉంటే రెండు రక్త పరీక్షలు వెంటనే చేయాలి: గంటలో ఎర్రకణాలు గొట్టంలో ఎంత కిందికి దిగాయో కొలిచి, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే ఈఎస్‌ఆర్, ఉందో లేదో అని కాక ఎంతుందో అంకెతో చెప్పే సీఆర్‌పీ. ముందు చూడటం, తర్వాత రక్తం, ఈ వరుసలోనే జరగాలి.

వరుస గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈమధ్య మా వైపు రక్త పరీక్షల మీద నమ్మకం ముదిరిపోయింది. ఆదివారం క్యాంపుల్లో ఇన్ని పరీక్షలు ఇంతకే అని ప్యాకేజీలు అమ్ముతున్నారు, అందులో సీఆర్‌పీ కూడా ఉంటోంది. రిపోర్టులో అన్నీ నార్మల్ అని వస్తే "కాళ్లకేం భయం లేదంటండి" అనుకుంటూ ఇంటికి పోతున్నారు. పుండు లేని కాలికి రేపు పుండు పడుతుందని చెప్పగలిగే రక్త పరీక్ష ఏదీ ఇంకా డాక్టర్ల చేతికి రాలేదు. సీఆర్‌పీ అనేది ఒంట్లో ఎక్కడ వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రొటీన్. పంటి చిగురు చీము పట్టినా పెరుగుతుంది. అరికాలికి స్పర్శ పోయిన సంగతి దానికి పట్టదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష తప్పకుండా చేయించాల్సిందే, కానీ అరికాల్లో ముల్లు దిగి ఉందని అదీ చెప్పదు.

స్పర్శ ఉందో లేదో తెలియాలంటే ముట్టుకుని చూడటమే. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి పేరు మీద ఒక పద్ధతి ఉంది. రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో క్షణమో రెండు క్షణాలో మెల్లగా తాకాలి. ఆరు చోట్లలో రెండు తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే. పైసా ఖర్చు లేదు. ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీద కూర్చుని చేసేయగలదు. పీహెచ్‌సీలో అయితే పాదానికి ఆనించి స్పర్శ చూసే, 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగు ఒకటి ఉంటే చాలు. పాదం మీద నాడి కొట్టుకుంటోందా అని వేళ్లతో చూడటం డాక్టరు గారికి ఎలాగూ వచ్చు.

డెల్టాలో ఇది ఎందుకు ముఖ్యమో తమరికి తెలియంది కాదు. నాట్లకూ కలుపుకూ దిగేవాళ్లు చెప్పులు గట్టు మీదే వదిలేస్తారు. చెరువుల్లో వల లాగేవాళ్ల కాళ్లు గంటల తరబడి నీళ్లలోనే నానుతాయి. శనివారం వాడపల్లి వెంకన్న చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేసేవాళ్లలో షుగర్ మాత్ర వేసుకుని బయల్దేరినవాళ్లు ఎంతమందో! స్పర్శ లేని పాదానికి బొబ్బ లేచిన సంగతి సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు గానీ తెలియదు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఘాట్ల దగ్గర పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ మిషన్ పక్కన పాదాలు చూసేందుకు ఒక బల్ల కూడా వేయిస్తే బాగుంటుంది.

ఇక రక్తం సంగతి. పుండు పడ్డాక మాత్రం దాని మాట వినాలి. ఒక లంక ఊరి నుంచి కొబ్బరికాయలు వలిచే ఒకాయన వచ్చేవాడు. బొటనవేలి కింద ఆనె ఉంటే బ్లేడుతో గీసుకున్నాడు. నెప్పి లేదు గనక పనికి పోతూనే ఉన్నాడు, ఊళ్లోనే కట్టు కట్టించుకుంటూ వారాలు నెట్టాడు. మా దగ్గరికి వచ్చేసరికి జ్వరం లేదు, తెల్లకణాల లెక్క మామూలుగానే ఉంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే కనిపించింది. ఈఎస్‌ఆర్ మాత్రం 94. గొట్టంలో ఎర్రకణాలు అంత లోతుకి దిగిపోవడం చూసి పక్కనే అండర్‌లైన్ కొట్టి మరీ ఇచ్చాను. ఆ కాగితం ఫైల్లోకి వెళ్లింది, అంతే. పుండునూ ఆ అంకెనూ కలిపి చూసినవాళ్లు లేరు. ఎముకకు పట్టిందని తేలేసరికి వేలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత ల్యాబుకొచ్చి ఆయన అడిగింది ఒక్కటే: "వేలు లేకపోతే గునపం దగ్గర కాలు ఆనుతుందాండీ?"

ఇందులో వింత ఏమీ లేదు. షుగర్ ఉన్న చాలామందిలో కాలికి గట్టి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాదు, తెల్లకణాలూ పెరగవు. ఎముకకు పట్టిన చీము ఎక్స్‌రేలో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈఎస్‌ఆర్ గంటకు 70 మిల్లీమీటర్లు దాటితే ఎముకను అనుమానించాలన్నది వైద్యులకు తెలిసిన లెక్కే. పుండులోకి స్టెరైల్ కడ్డీ పోనిచ్చి ఎముక తగులుతోందా అని చూడటం, ఎక్స్‌రే, ఈ అంకె, మూడూ కలిస్తే నిర్ణయం తేలికవుతుంది. కాలిని చూసినా తేలని సందర్భాల్లో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ లేదా ప్రోకాల్సిటోనిన్ అనే ఇంకో రక్త పరీక్ష చూడమని 2023 అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మూడింటిలో ప్రోకాల్సిటోనిన్ ఖరీదైనది. దాన్ని పెద్దాసుపత్రులకు వదిలేద్దాం.

ఈఎస్‌ఆర్‌కీ లోపాలున్నాయి. రక్తహీనత ఉంటే ఊరికే పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతిన్నా పెరుగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉందో తమ శాఖ దగ్గరే లెక్కలున్నాయి, అందుకే హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకుని చదవాలి. గొట్టం కొంచెం వంగి నిలబడినా, మే నెలలో ఫ్యాన్ తిరగని గదిలో పెట్టినా అంకె పైకి పోతుంది. రక్తం తీసిన నాలుగు గంటల్లోపు గొట్టంలోకి ఎక్కించాలి. పడవ దాటి, ఆటో ఎక్కి, సాయంత్రానికి చేరే శాంపిల్‌తో ఇది కుదరదు. అందుకే రక్తం తీసిన చోటే చేయాలంటున్నాను.

సీఆర్‌పీ ఇంకోరకం. ఇన్ఫెక్షన్ వచ్చిన కొన్ని గంటల్లోనే లేస్తుంది, మందు పనిచేస్తే రోజుల్లోనే దిగుతుంది. ఈఎస్‌ఆర్ దిగడానికి వారాలు కావాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో సీఆర్‌పీ మళ్లీ చేస్తే మందు పట్టిందో లేదో తెలిసిపోతుంది. చిక్కు ఎక్కడంటే, నేను పనిచేసిన చోట్ల సీఆర్‌పీ అంటే స్లైడు పరీక్షే. నల్లటి స్లైడు మీద సీరం చుక్క, లేటెక్స్ చుక్క కలిపి రెండు నిమిషాలు ఊపితే, లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటినప్పుడు గింజలు కడుతుంది. గింజ కట్టిందంటే పాజిటివ్. అది 10 అయినా పాజిటివే, 200 అయినా పాజిటివే. నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేసినా పాజిటివే. తగ్గిందో పెరిగిందో తెలియని పరీక్షతో డాక్టరు ఏం చేస్తారు? అంకె చూపించే చిన్న మిషన్లు మార్కెట్లో ఉన్నాయి. అన్ని పీహెచ్‌సీలకూ ఒక్కసారి కుదరకపోతే ముందు లంకలకూ తీరానికీ దగ్గరున్న చోట్ల ఇప్పించండి.

ఇది పుండుకు సంబంధం లేని మాటే అయినా చెప్పేస్తాను. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. అది తగ్గినా కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. తిమ్మిర్లని వచ్చిన ప్రతివాళ్లకీ షుగర్ నరాలేనని తేల్చేయకుండా ఒకసారి బి12 చూపిస్తే, అది తక్కువని తేలినవాళ్లకు ఇంజక్షన్లో మాత్రలో ఇవ్వొచ్చు. రక్తం నిజంగా పనికొచ్చే చోటు ఇది.

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే చెప్పింది. అందరికీ సీఆర్‌పీ చేయమని నేను అడగటం లేదు. అలా చేస్తే ల్యాబులు మునుగుతాయి, కాళ్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు. బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకిచ్చే ఎన్‌సీడీ కార్డులో బీపీ, షుగర్ గడుల పక్కన పాదాలకొక గడి పెట్టించండి. పుండు ఉందని అందులో రాసినవాళ్లకే ఈ రెండు పరీక్షలు. ఏరియా ఆసుపత్రికో కాకినాడ పెద్దాసుపత్రికో పంపేటప్పుడు ఆ అంకెలు, తేదీలు, కడ్డీకి ఎముక తగిలిందా లేదా అన్నది రిఫరల్ చీటీ మీదే ఉండాలి, ఫైల్లో లోపల కాదు.

ఉత్తర్వు ఇచ్చేటట్టయితే ఒక్క వాక్యం మర్చిపోకుండా చేర్పించండి. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు. ఒకే రక్తం ఒకచోట 48, ఇంకోచోట 4.8. సోమవారం పీహెచ్‌సీలో 48 వచ్చినాయనకి శుక్రవారం టౌనులో 4.8 వస్తే తగ్గిపోయిందని మందు ఆపేస్తారు. రాష్ట్రమంతా లీటరు లెక్కలోనే రాయాలని చెప్పించండి.

ఇట్లు,
విధేయుడు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కోనసీమ