గేదె పాలు పసుపుగా ఉంటాయా?

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాల మీద వచ్చిన వ్యాసం చదివి, పోనీలే అని ఊరుకున్నాను. దాన్నే కత్తిరించి మా పాల కేంద్రం గోడకు అంటించారు. వచ్చినవాళ్లంతా చదివి తలూపుతున్నారు. ఇక రాయక తప్పలేదు.

"ఏ2 ఆవు పాలలో వెన్న ఎక్కువ, అందుకే పసుపుగా ఉంటాయి" అన్నారు. సంబంధం లేని మూడు సంగతులను ఒక్క వాక్యంలో వేసి రుబ్బేశారు. ఏ1, ఏ2 అనేవి బీటా కేసిన్ అనే ప్రోటీన్‌లో రెండు రకాలు. 209 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో 67వ చోట హిస్టిడిన్ ఉంటే ఏ1, ప్రోలిన్ ఉంటే ఏ2. వెన్న శాతాన్ని తేల్చేది అది కాదు. పసుపు రంగేమో పచ్చిమేతలోని కెరోటిన్‌ది. కొన్ని జాతుల ఆవులు దాన్నంతా విటమిన్ ఏగా మార్చుకోకుండా కొంత పాలలోకి వదిలేస్తాయి. పసుపే వెన్నకు గుర్తయితే, తెల్లగా ఉండే గేదె పాలన్నీ నీళ్ల పాలేనన్నమాట!

పక్కన మూపురం ఉన్న ఆవు ఫొటో ఒకటి. మూపురం జాతుల్లో ఏ2 ఎక్కువన్నది నిజమే. కానీ మూపురం లేని హోల్‌స్టీన్ అనే విదేశీ జాతిలోనూ ఏ2 ఆవులు బోలెడు. ఏ1 కావాలో ఏ2 కావాలో తేల్చే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి ఏ1, ఇంకోటి ఏ2 అయితే ఆ పాలలో రెండూ ఉంటాయి. పరీక్ష చేయిస్తే తెలుస్తుంది గానీ మూపురం చూస్తే ఏం తెలుస్తుంది? పైగా ఏ1 పాలతో జబ్బులొస్తాయని ఒక పేరా నిండా భయపెట్టారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లోనే ఉన్న అధ్యయనాలన్నీ చూసి, అలాంటి కారణ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. ఆ ముక్క రాయడానికి మాత్రం చోటు చాలలేదు కాబోలు.

వెన్న గురించి రాయాలనుకుంటే డీగ్యాట్1 అనే జన్యువు గురించి రాయాల్సింది. 14వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువులోని తేడా 2002లో బయటపడింది. అందులో ఒక రకం ఉన్న ఆవుకు వెన్న శాతం పెరుగుతుంది, పాలు తగ్గుతాయి. రెండో రకం ఉంటే పాలు పెరిగి వెన్న శాతం పడిపోతుంది. అంటే రెండు చేతులా లాభం ఉండదు. ఇరవై కిలోల పాలలో వెన్న మూడున్నర శాతం ఉంటే వచ్చేది 700 గ్రాములు. పదిహేను కిలోలే ఇచ్చినా ఐదు శాతం ఉంటే 750 గ్రాములు. ఈ లెక్క ఐదో తరగతి పిల్లాడు వేస్తాడు, మన అధికారులు వేయరు. వాళ్ల కరపత్రం ఏది చూసినా లీటర్లే లీటర్లు. ఆవు చూలు కట్టడానికి సూది వేయ వచ్చినాయన నైట్రోజన్ డబ్బాలోంచి ఆబోతు వీర్యం ఉన్న స్ట్రా తీసి ఆబోతు నంబరు చదివాడు. దీని కూతుళ్లకు ఫ్యాట్ ఎంతండీ అని అడిగితే డబ్బా మూత బిగిస్తూ, "పాలు బాగానే ఇస్తాయి" అన్నాడు. ఆయనను అని ఏం లాభం? పైనుంచి కాగితం వస్తే కదా చెప్పడానికి.

పాల పరిమాణం కంటే వెన్న, ప్రోటీన్ శాతాలే వారసత్వంగా బాగా దిగుతాయి. పరిమాణంలోని తేడాలో సుమారు మూడో వంతుకు జన్యువులు కారణమైతే, శాతాల్లోని తేడాలో దాదాపు సగానికి అవే కారణం. మిగతాదంతా మేత, ఈతలు, ఈని ఎన్నాళ్లయింది, పొదుగువాపు వంటివి. పీచు తగ్గించి దాణా గుమ్మరిస్తే ఎంత గొప్ప జన్యువున్న ఆవుకైనా వెన్న పడిపోతుంది. ఆబోతును మార్చమని సలహా ఇచ్చేవాళ్లు ముందు గాడి చూడరెందుకో.

వ్యాసం చివర జన్యు చిప్పులతో, అంటే పశువు జన్యువుల్లోని తేడాలను ఒకేసారి చదివే పరీక్షతో, పాడికి స్వర్ణయుగమే అన్నారు. దూడగా ఉన్నప్పుడే దాని పాల సత్తాను అంచనా వేయొచ్చు, కాదనను. అమెరికాలో 2009 నుంచి అధికారికంగా వేస్తున్నారు కూడా. కానీ వేల ఆవుల పాలను నెలనెలా, ఆవు ఆవుకీ విడివిడిగా కొలిచి రాసిన రికార్డులుంటేనే ఆ చిప్పు ఏమైనా చెబుతుంది. ఇక్కడ అందరి పాలూ ఒకే క్యానులో పోసి, ఒకే ఫ్యాట్ రాసి పంపేస్తారు. ఏ ఆవుది ఎంతో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని చిప్పెలా చెబుతుంది? మైకు ముందు "జన్యు విప్లవం" అనే పెద్దలు, ఆవు వారీగా కొలిచే మనిషిని వేయడానికి మాత్రం నిధులు లేవంటారు.

ఏ2కీ వెన్నకీ ముడిపెట్టిన ఆ వాక్యానికి సవరణ వేయండి. వ్యాసం వేసినంత పెద్దగానే వేయండి, గోడ మీద దాని పక్కనే అంటించాలి.

ఇట్లు,
ఒక పాడి రైతు