పావనికి, నడుం సూది విషయమై

చి.ల.సౌ. పావనికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అమ్మ, నేను, సూరమ్మత్తయ్య కులాసా. పెరట్లో పనస ఈసారి విరగకాసింది. బుజ్జిగాడు స్కూటర్ అమ్మేశాడు. అమ్మకి వచ్చే శుక్రవారానికి పూణే టికెట్టు తీశాను. కాన్పయ్యాక నీకు పెట్టే కాయం కొట్టించింది, పాత నూలు చీరలు ఉతికి మడతపెట్టింది. సంచుల బరువు చూసి అల్లుడుగారు కంగారుపడతారేమో, ముందే చెప్పి ఉంచు.

ఫోనెత్తడం లేదేం తల్లీ? ఆఫీసు పనేమో అనుకున్నాను. కాన్పు నొప్పి తెలియకుండా నడుంలో వేసే మత్తు సూదితో మేడింటి కోడలి కాళ్ళు పడిపోయాయని పద్మ పిన్ని నీకు చెప్పిందట, అమ్మ నిన్న అంది. "నడుం సూది వేయించుకోను, ఎంత నొప్పయినా ఓర్చుకుంటాను" అన్నావట. సరే, ఆ మాట తరవాత. పొద్దున రాగిజావ తాగుతున్నావా? కాళ్ళు వాస్తే ఎత్తు మీద పెట్టుకో.

మన వీధి చివర ఆ మేడింటి కోడలి గురించి పిన్నికి సగమే తెలుసు. నేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని విన్నాను. ఆ పిల్లకి చివరి నెలలో బీపీ పెరిగింది, రక్తం గడ్డకట్టించే కణాలు, అదే ప్లేట్‌లెట్లు, పడిపోయాయి. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. రక్తపరీక్షలు చేస్తూ బతికినవాణ్ణి, ఆ రిపోర్టు నా చేత్తో పట్టుకు చూశాను. ఆపరేషన్‌కి నడుంలోనే మత్తు సూది ఇచ్చారు, బిడ్డ పుట్టింది. సాయంత్రానికి మత్తు దిగి కాలివేళ్ళు కదిపింది, కాఫీ తాగింది. రాత్రి నడుంలో ఒక్కసారిగా పోటు మొదలైంది. కాసేపటికి కాళ్ళు మళ్ళీ బరువెక్కాయి. "సూది నొప్పేలే, పొద్దుటికి తగ్గుతుంది" అన్నారట పక్కనున్నవాళ్ళు. ఆ పిల్ల అత్తగారు మాత్రం దుప్పటి తీసి అరికాలు గిల్లింది. కోడలికి తెలియలేదు. వెంటనే వరండాలోకి పరుగెత్తి డ్యూటీ డాక్టరుని లాక్కొచ్చింది. రాత్రికి రాత్రే ఎమ్మారై తీశారు. వెన్నుపాము చుట్టూ రక్తం చేరి గడ్డకట్టింది. అక్కడంతా ఎముక గోడ, రక్తం పోవడానికి చోటుండదు, నరాల్ని నొక్కేస్తుంది. తెల్లారేలోపే వెన్నెముక వెనకవైపు ఎముక కొంత తీసి గడ్డ బయటికి తీశారు. ఆ పిల్ల ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి "బాబాయిగారూ, మెట్లు కూడా ఎక్కుతున్నాను" అంది. పిన్ని నీకు ఈ సంగతి చెప్పి ఉండదు.

ఇలాంటిది లక్షల కాన్పుల్లో ఒకరికి. సూది వేయకపోయినా అరుదుగా దానంతటదే రావచ్చు. అందుకని సూదిని పగబట్టకు. అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సివచ్చి నువ్వు సూది వద్దంటే పూర్తి మత్తు ఇవ్వాలి, దాని ఇబ్బందులు దానికున్నాయి. నీ విషయంలో నా బెంగల్లా పొట్టకి వేసుకునే ఆ రక్తం పలచబడే ఇంజెక్షన్. గర్భం నిలవడానికని మీ డాక్టరమ్మ ఇస్తున్నారు, మంచిదే. నీది చిన్న డోసే కాబట్టి ఆఖరిది వేసుకున్న పన్నెండు గంటల దాకా నడుం దగ్గర సూది పెట్టరు. పెద్ద డోసయితే ఇరవైనాలుగు గంటలు ఆగుతారు. మత్తుమందు ఎక్కించడానికి నడుంలో సన్నగొట్టం పెడితే, దాన్ని తీసేటప్పుడు కూడా ఈ గంటల లెక్క చూస్తారు, ఆ వేళకీ రక్తం కారే ప్రమాదం ఉంది. కాబట్టి నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే ఇంజెక్షన్ వేసుకోకుండా ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. ఆఖరిసారి ఎన్నింటికి వేసుకున్నావో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. మత్తు డాక్టరుకి అడక్కుండానే చెప్పు. ప్లేట్‌లెట్ల రిపోర్టు నాకు ఫోటో పంపు. మిషన్ తక్కువ చూపిస్తే గాభరాపడకు, ట్యూబులో కణాలు ఒకదానికొకటి అంటుకుని కూడా అలా వస్తుంది. రక్తం చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోప్‌లో చూడమని అడుగు.

ఉపన్యాసం దంచుతున్నానని అమ్మ వంటింట్లోంచి అంటోంది. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మత్తుమందు ఆఖరి డోసు పడ్డ నాలుగు గంటలకి మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూడు. ఎత్తలేకపోయినా, దిగిన తిమ్మిరి తిరిగొచ్చినా, నడుంలో భరించలేని పోటొచ్చినా, ఒంటికి పోవడం తెలియకపోయినా, "మామూలే" అని ఎవరన్నా వినకు. మొహమాటపడకు, అరిచి పిలువు. లక్షణాలు మొదలైన ఎనిమిది, పన్నెండు గంటల్లోపు గడ్డ తీస్తే కాళ్ళు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, ఆలస్యమైనకొద్దీ తగ్గిపోతుంది. అమ్మకి కూడా ఇవన్నీ రాసి పర్సులో పెట్టిచ్చాను, అల్లుడుగారికి నువ్వు చదివి వినిపించు.

నిమ్మకాయ పచ్చడి సీసా విడిగా పంపుతున్నాను, ఉప్పు తగ్గించి పెట్టించాను, నీ బీపీ చూసి తిను. రాత్రిళ్ళు ఎడమవైపు తిరిగి పడుకో. ఉత్తరం అందగానే ఒక్కసారి ఫోన్ చెయ్యి, నేను తొమ్మిది దాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న