వార్డులో రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మా నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. మళ్ళీ చేర్చాల్సిన అవసరం రాలేదు. అందుకు ముందుగా దణ్ణం పెట్టాల్సింది గుండె వార్డులో రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్ గారికి.

కాళ్ళ వాపు ప్రయాణం వల్ల వచ్చిందనుకున్నాం. పడుకుంటే ఆయాసం వస్తోందని రెండు దిండ్లు, తర్వాత మూడు దిండ్లు పెట్టుకుని, చివరికి కుర్చీలోనే కూర్చుని నిద్రపోతుంటే గ్యాస్ అనుకున్నాం. ఎకోలో (గుండెకు చేసే స్కాన్) గుండె పంపింగ్ 30 శాతమే అని తేలింది. హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాట వినగానే అమ్మ కూలబడింది.

ఆ రాత్రి సిస్టర్ గారు స్టూలు లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నారు. "గుండె ఆగిపోవడం కాదమ్మా, రక్తాన్ని నెట్టే బలం తగ్గింది. అందుకే ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు చేరుతోంది" అన్నారు. నాన్న కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశారు. గుంట అలాగే ఉండిపోయింది. "ఇది కనబడేసరికే చాలా నీరు చేరి ఉంటుంది. బరువు అంతకంటే ముందే చెబుతుంది" అన్నారు. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు తూచాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. మా మందుల సంచి తెప్పించుకుని, మోకాళ్ళకు వాడుతున్న నొప్పి మాత్రలు పక్కన పెట్టించారు. అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపేస్తాయట. పొటాషియం ఉండే ఉప్పు కూడా డాక్టరును అడగకుండా కొనవద్దన్నారు. నాన్న వాడే మాత్రల్లో కొన్ని పొటాషియాన్ని పెంచేవేనట. నేను ఆ ప్యాకెట్ కొనబోతున్నాను!

గోడ క్యాలెండర్‌లో రోజూ బరువు రాస్తోంది అమ్మ. గత నెల ఒక పెళ్ళిలో ఆవకాయ, అప్పడాలు తిన్నాక 58.2 నుంచి మూడు రోజుల్లో 60.4కి పెరిగింది. ఆయాసం ఇంకా మొదలు కాలేదు. ఫోన్ చేస్తే డాక్టరు గారు నీరు పోయే మాత్ర మోతాదు కొన్నాళ్ళు పెంచారు. వారంలో తగ్గింది. మందుల మోతాదులు ఓపికగా, కొద్దికొద్దిగా సరిచేస్తూ వస్తున్న ఆయనకూ మా నమస్కారాలు.

సిస్టర్ గారూ, వార్డంతా నిండి ఉన్న రాత్రి మా కోసం అరగంట కూర్చున్నారు. ఈ రోజు నాన్న బరువు 58.3. ఒక్క దిండుతోనే పడుకుంటున్నారు.