పగడాన్ని విరిస్తే నేరం, మరి రసాయనం పూసుకుని దిగితే?

సంపాదకులకు నమస్కారం.

బరంపురంలో మాది చిన్న ఫ్యాన్సీ షాపు. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక అండమాన్ వెళ్లే కొత్త జంటలు సన్‌స్క్రీన్ కోసం వస్తుంటారు. మొన్న ఒకమ్మాయి, "ఆంటీ, పగడాలకి హాని చెయ్యనిది ఇవ్వండి" అంది. ఉన్న ట్యూబులన్నీ కౌంటర్ మీద పెట్టి చదివాం. వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు. పగడాలకి హాని చేస్తాయని చెప్పే రసాయనాలు రెండు, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్. ఎండ ఒంటికి తగలకుండా వీటిని సన్‌స్క్రీన్‌లో కలుపుతారు. ఆక్సీబెంజోన్ అన్న మాట ఎక్కడా కనపడలేదు. ఆ రసాయనాన్నే బెంజోఫినోన్-3 అని కూడా రాస్తారని తర్వాత తెలిసింది. ఆక్టినాక్సేట్‌కైతే ఇథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అని ఇంకో పేరు. ఇరవై ఏళ్లుగా ఇవే అమ్ముతున్నదాన్ని, ఆ పిల్లకి సరైన జవాబు చెప్పలేకపోయాను. నాకు చాలా బాధనిపించింది.

ఆ రెండింటిలో ఏదున్నా ఆ సన్‌స్క్రీన్లను అమెరికాలోని హవాయిలో 2021 జనవరి నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మనివ్వడం లేదు. పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీప దేశం పలావు 2020లోనే ఆపేసింది. థాయిలాండ్ తన సముద్ర జాతీయ పార్కుల్లో వాటిని నిషేధించింది. మన దగ్గర పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటుంది. ముక్క విరిచి తెచ్చుకుంటే నేరం. ఒంటికి పూసుకున్నది వాటి మీద కడుక్కుంటే మాత్రం ఆ చట్టంలో దాని ఊసే లేదు.

సముద్రం వేడెక్కడమే అసలు కారణం, సన్‌స్క్రీన్ ఏపాటిది అంటారు కొందరు. వేడే పెద్ద కారణం, కాదనను. 2010లో అండమాన్ పగడాలు తెల్లబడింది వేడికే. అయితే 2022లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు పగడానికి దగ్గరి చుట్టమైన సీ అనిమోన్ మీద ఒక సంగతి కనిపెట్టారు. అది ఆక్సీబెంజోన్‌ను ఒంట్లోకి తీసుకుని వేరే పదార్థంగా మారుస్తుంది. ఎండ తగిలితే ఆ పదార్థమే విషమవుతుంది. లోపల కాపురముండే సన్నటి నాచు ఆ విషాన్ని కొంత తనలో దాచుకుని కాపాడుతుంది. పగడం తెల్లబడడమంటే ఆ నాచు పోవడమే కదా! వేడికి దెబ్బతిన్నవాటికే ఈ రసాయనంతో ఎక్కువ ముప్పు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వేడి తగ్గించడానికి ప్రపంచమంతా కలిసిరావాలి. ఈ రోకటిపోటు ఆపడానికి మన ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటి చాలు.

అండమాన్, లక్షద్వీప్‌లలో ఈ రెండు రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకం, వాడకం ఆపాలి. మిగతా దేశంలో అవి ఉన్నాయో లేదో ట్యూబు ముందువైపే, ఒకే పేరుతో, తెలుగులో, ఒడియాలో కూడా రాయించాలి. పగడపు దిబ్బలకు హాని లేదని చెప్పే 'రీఫ్ సేఫ్' అన్న ముద్రకు చట్టంలో ఒక అర్థం చెప్పాలి. లేకపోతే ఎవరైనా వేసుకుంటారు.

మా వీధిలో కొందరు, మన గోపాల్‌పూర్‌లో పగడాలెక్కడివి, నీకెందుకీ టెన్షన్ అన్నారు. మా ఆడపడుచు కుటుంబం సోంపేట నుంచి వెళ్లి అండమాన్‌లో చేపల మీదే బతుకుతోంది. పగడపు దిబ్బల్లోనే ఎన్నో చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు పెరుగుతాయి. అక్కడ నీళ్లలో కరిగే ట్యూబు మా కౌంటర్ మీంచి వెళ్లిందే.

ఆ అమ్మాయికి చివరికి ఆ రెండూ లేని జింక్ ఆక్సైడ్ రకం ఇచ్చాను. ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, పర్వాలేదంది. నీళ్లలోకి పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. వచ్చే పెళ్లిళ్ల సీజన్లోపు ఉత్తర్వు వస్తే నా దగ్గరున్న పాత స్టాకు నష్టానికైనా తిప్పి పంపేస్తాను.

ఇట్లు,
ఒక ఫ్యాన్సీ షాపు యజమానురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా