రియోహా కార్డు మార్చాం, ఎందుకంటే...

మా డాలస్ షాపులో స్పెయిన్ నుంచి వచ్చే రియోహా వైన్ల దగ్గర ఉన్న కార్డు మీద "క్రియాన్సా కంటే రిసెర్వా మంచిది" అని రాశాం. అది తప్పు, తీసేశాం. ఆ పేర్లు చెప్పేది వైన్‌ని ఎంతకాలం నిల్వ ఉంచారన్నది మాత్రమే. రెడ్‌లో క్రియాన్సాకి కనీసం 2 ఏళ్లు, అందులో ఏడాది ఓక్ పీపాలో. రిసెర్వాకి 3, గ్రాన్ రిసెర్వాకి 5. సీసా వెనక ముద్ర రంగు చూస్తే తెలిసిపోతుంది: క్రియాన్సాకి ఎరుపు, రిసెర్వాకి ముదురు మెరూన్, గ్రాన్ రిసెర్వాకి నీలం.

"వెనిలా ఎసెన్స్ కలిపారా?" అని చాలామంది అడుగుతున్నారు. కలపరండీ, ఆ వాసన పీపాది. రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంబడి ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని తినేస్తే, అక్కడి బోర్డో ప్రాంతపు వ్యాపారులు సరుకు కోసం రియోహాలోని ఆరో (Haro) అనే ఊరి వైపు వచ్చారు. 225 లీటర్ల పీపాలో మాగబెట్టే పద్ధతి బోర్డోదే. రియోహా వాళ్లు మాత్రం అమెరికన్ ఓక్ ఎక్కువగా వాడారు. వెనిలా, కొబ్బరి వాసన వచ్చేది ఆ చెక్క నుంచే. ద్రాక్ష ముఖ్యంగా టెంప్రానీయో. స్పానిష్‌లో 'టెంప్రానో' అంటే పెందలాడే అని. ఈ కాయ ముందుగా పండుతుంది.

ఇక "గొంతు మండుతోంది" అన్న ఫిర్యాదు. చాలాసార్లు కారణం వేడి. 78 డిగ్రీల ఫారెన్‌హీట్ గదిలో పెట్టిన సీసా తెరిస్తే ముందు ఆల్కహాలే ముక్కుకి కొడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, 60-65 డిగ్రీలు చాలు. గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. మొదట చెర్రీ, తర్వాత వెనిలా తేడాగా తెలుస్తాయి.

కారం దట్టించిన మటన్ వేపుడుకి గ్రాన్ రిసెర్వా కొనొద్దని మా సలహా. ఆల్కహాలు కారాన్ని ఇంకా పెంచుతుంది, ఏళ్ల తరబడి మాగిన సున్నితమైన వాసనలు మసాలా కింద పోతాయి. ఆకుపచ్చ ముద్ర ఉన్న కుర్ర వైన్, అంటే ఎక్కువకాలం మాగబెట్టనిది, కాస్త చల్లగా తాగండి, డబ్బూ మిగులుతుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం. సీసా తెస్తే పూర్తి డబ్బు వెనక్కిస్తాం. జూలై ఎండలో కారు డిక్కీలో ఉడికిపోయినవి మాత్రం తీసుకోలేం. వేడికి వైన్ ఉబ్బి బిరడాని పైకి తోస్తుంది, అది చూడగానే తెలుస్తుంది. అందుకే, సీసా కారులో ఎక్కువసేపు ఉండకుండా షాపింగ్‌లో మా దగ్గరికి ఆఖర్న రండి.