అమ్మకు బస్సు పడదని కనిపెట్టిన సిస్టర్ గారికి

పోయిన వారం గుంటూరులో అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాపరోస్కోపీ కాబట్టి పొద్దున చేరితే సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చన్నారు. పన్నెండింటికల్లా ఆపరేషన్ అయిపోయింది. ఐదు దాటినా అమ్మ రికవరీ గదిలోనే ఉంది. తన తరవాత లోపలికి వెళ్లినవారు కూడా ఇళ్లకు వెళ్లిపోయారు. నా ఓపిక నశించి తలుపు దగ్గరున్న సిస్టర్ గారి మీద గొంతు పెంచాను. మొదటి కృతజ్ఞత ఆవిడకే, క్షమాపణతో కలిపి.

ఆవిడ కోప్పడలేదు. ఒకే మాట అడిగారు: "అమ్మగారికి బస్సు పడదా అండీ?"

పడదు. చేతిలో నిమ్మకాయ లేకుండా అమ్మ తిరుమల కొండ ఎక్కిన రోజు లేదు. మత్తు డాక్టరు గారు ముందు రోజే ఈ సంగతి అడిగారట. "ఇప్పుడు బస్సు ఎక్కడం లేదు కదా" అనుకుని అమ్మ లేదని చెప్పేసింది!

ఆడవారు, పొగ తాగనివారు, ప్రయాణంలో వాంతులయ్యేవారు, ఆపరేషన్ తరవాత మార్ఫిన్ జాతి నొప్పి మందులు తీసుకునేవారు: ఈ నాలుగూ ఒకరిలోనే ఉంటే, ముందుజాగ్రత్త మందు ఇవ్వనప్పుడు పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి వికారమో వాంతులో వస్తాయని ఆవిడ చెప్పారు. అమ్మకు నాలుగూ ఉన్నాయి. (పొగ తాగేవారికి ఈ బాధ తక్కువన్న ముక్కను నాన్న పట్టుకుని వదలడం లేదు.)

ఇంకో సంగతీ అప్పుడే తెలిసింది. కాళ్లూ చేతుల కదలిక, శ్వాస, రక్తపోటు, స్పృహ, ఆక్సిజన్, ఒక్కోదానికి 2 చొప్పున మత్తు నుంచి ఎంత తేరుకున్నారో చూడటానికి 10 మార్కులకు వేసే ఆల్‌డ్రెట్ స్కోరులో అమ్మకు రెండు గంటలకే 10 వచ్చాయి. మా ఇంట్లో అన్ని మార్కులు ఎవరికీ రాలేదు. కానీ ఇంటికి పంపడానికి లెక్క వేరు: నడవగలగాలి, నొప్పి అదుపులో ఉండాలి, వాంతులు తగ్గాలి, రక్తం కారకూడదు. అమ్మ లేచి కూర్చుంటే చాలు, కళ్లు తిరిగి మళ్లీ వాంతి. సిస్టర్ గారు డాక్టరు గారిని పిలిపించి మందు మార్పించారు, సెలైన్ ఎక్కించారు. భుజం నొప్పి అని అమ్మ బెదిరిపోతే, అది ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాసు వల్ల వచ్చేదేనని నచ్చజెప్పారు. ఏడున్నరకు చేయి పట్టుకుని నాలుగడుగులు వేయించారు.

రాత్రి తోడుగా ఇంట్లో పెద్దవారు ఉండాలన్నారు. నాన్నకు కళ్లు కనపడవు, నాది రాత్రి డ్యూటీ. అడగకముందే చాప తెచ్చుకుని అమ్మ మంచం పక్కన పడుకున్న ఎదురింటి పిన్నిగారికి, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా కారును నడకలా నడిపిన డ్రైవరు అన్నకు కూడా నమస్కారాలు.

శుక్రవారం కుట్లు చూపించడానికి వెళుతున్నాం. సిస్టర్ గారికి సున్నుండలు తానే చుడతానని అమ్మ పట్టుబడుతోంది. మినుములు ఇసరడం మాత్రం నాకు అప్పగించింది.